ఒక ముడి ఎరుపు, రెండు ముడులు నలుపు

పోయిన వారం మధ్యాహ్నం పూట, తండాలు తిరిగి సూదులేసే సిస్టరమ్మ నా షాపుకొచ్చి, కుట్టుమిషను మీద నల్లటి రెగ్జిన్ తొడుగొకటి పెట్టింది. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాల దుమ్మంతా ఆమె తెల్లచీర మీదే ఉంది.

"అంచుల కాడ పలిగిపోయింది. గిట్లాంటిదే ఇంకోటి కుట్టియ్యి. కొలత మార్చకు, కాజాలు సుత మార్చకు," అంది.

ఆమె కేరళ నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు మా వాడకట్టులో అందరికంటే చిక్కటి నాచారం భాష ఆమెదే.

తొడుగు చేతిలోకి తీసుకున్నాను. చిన్న ట్రంకుపెట్టెకు వేసిన గలేబులా ఉంటుంది. పైన మెడ దగ్గర ఇటు ఆరు, అటు ఆరు కాజాలు. గుండీ ఒక్కటీ లేదు. కొత్తవాళ్లెవరైనా చూస్తే, ఈ టైలరు పిల్ల మతిపోయి గుండీలు కుట్టడం మరిచిపోయిందనుకుంటారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఆ వాసన ఉంది. బ్యాటరీ నీళ్ల వాసన. పచ్చి చింతకాయ తలుచుకుంటేనే పళ్లు జిల్లుమంటాయి చూడండి, అట్లాంటిది. ఆ వాసన వెనకాలే పక్క షెడ్డు మామ వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూచున్నాడు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. అయినా వచ్చి కూచున్నాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన షెడ్డుకే పేరు ఉండేది కాదు. "బోర్డు పెట్టరాదు మామా, బండ్లోళ్లొస్తరు," అని ఒకసారి అంటే, "బండి ఆగినోడు బోర్డు సదువుకుంట నిలవడ్తడా? ఎవల్నో ఒకల్ని అడుగుతడు," అన్నాడు. నిజమే. అడిగితే నాచారం నుంచి మల్లాపూర్ దాకా ఎవరైనా చెప్పేవాళ్లు: చొక్కానిండా చిల్లులుంటయే, ఆయన షెడ్డు.

నా షాపుకూ ఆ షెడ్డుకూ ఒకటే గోడ. ఇటు నేను జాకెట్లు, లంగాలు, స్కూలు బట్టలు. అటు ఆయన బ్యాటరీలు, డైనమోలు, బండ్ల తీగలు. బ్యాటరీలోని ఆసిడ్ చుక్క చొక్కా మీద పడితే అప్పటికేమీ తెలీదు. ఉతికాకే తెలుస్తుంది, అక్కడ బట్ట లేదని. వారానికోసారి అత్తమ్మ ఆ చొక్కాలన్నీ మూటగట్టి తెచ్చేది. "సూడే, మీ మామ మల్ల జల్లెడ జేసిండు. దీంట్ల పిండి జల్లిచ్చుకోవచ్చు," అని నా ముందు పోసేది. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా ఒక్కటే చిల్లు లేకుండా ఉండేది. దాన్ని ఆమె షెడ్డు గడప కూడా తొక్కనిచ్చేది కాదు.

ఒకనాడు అతుకు ఎక్కడ వేయాలో చూద్దామని ఒక చొక్కాను గుమ్మం దగ్గర ఎండకు ఎత్తి పట్టుకున్నాను. చిల్లుల్లోంచి ఎండ దూరి లోపలి గోడ మీద చుక్కలు చుక్కలుగా పడింది. చొక్కా కదిలితే చుక్కలన్నీ కదిలాయి. నీళ్లలో ఆకాశం కదిలినట్టు. కుట్టడం మానేసి అట్లాగే నిలబడ్డాను.

"మిషను చప్పుడు బందయింది. పండుకున్నవా పిల్లా?" అంటూ మామ వచ్చాడు.

"సుక్కలు సూస్తున్న మామా. పట్టపగలు."

ఆయన కూడా పక్కన నిలబడి గోడవైపు చాలాసేపు చూశాడు. కొంచెం పక్కకు చూశాడు, నిజం చెప్పాలంటే. "ఎన్నున్నయ్?" అని అడిగాడు. లెక్కపెట్టడానికి బద్ధకం ఈ మనిషికి, అనుకున్నాను నేను.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. షెడ్డులో ఎవరూ బ్యాటరీ చచ్చిపోయింది అనకూడదు. "సచ్చిందనకు. పండుకున్నదను," అనేవాడు. ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ మీదికి వంగి, దగ్గరగా చెవి పెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. లోపల అన్నం ఉడికినట్టు సన్నగా చప్పుడొస్తుందట. "లేస్తున్నది. జర ఆవులిస్తున్నది," అని నాకు గోడ ఇవతలికి కబురు చెప్పేవాడు. నేనేమో బ్లౌజు చేతులు కుట్టుకుంటూ "పండ్లు తోముకొని చాయ్ తాగమను" అనేదాన్ని.

ఇంకో అలవాటు. రోజుకు నాలుగుసార్లు తీగముక్క పట్టుకుని నా షాపుకొచ్చేవాడు. "టైలరమ్మా, గిది ఏ రంగున్నదే?"

నా దగ్గర డబ్బానిండా దారపు ఉండలు. రంగు అడిగితే ఎరుపు, పచ్చ అని ఊరుకునే మనిషినా నేను? "దానిమ్మ గింజ ఎరుపు మామా, పండినదాని నడిమి గింజ," అనేదాన్ని. "గిది వాన వడ్డ తెల్లారి వేపాకు." "గిదేమో పాత పసుపు, డబ్బా అడుగున మిగిల్తది సూడు, అది." ఆయన తీగ పట్టుకుని కదలకుండా వినేవాడు. "ఇంక?" అనేవాడు. మా అమ్మ నా నోటికి తాళం కొనుక్కొస్తానని బెదిరించేది. పదో తరగతిలో మా టీచరు నన్ను కిటికీ పక్కన ఒంటరిగా కూచోబెట్టింది, మాట్లాడ్డానికి మనిషి లేకుండా. లోకంలో ఇంకా అని అడిగినవాడు ఆయన ఒక్కడే. నా కబుర్లంటే ఎంత ఇష్టమో ఈయనకు, అని మురిసిపోయేదాన్ని.

సిస్టరమ్మ జీపు వచ్చింది ఆ రోజుల్లోనే. తెలంగాణ ఇంకా రాలేదు.

పాత జీపు, పైన కాన్వాసు గుడారం. ఘట్‌కేసర్ దాటి, రోడ్డు కూడా లేని తండాలకు ఆమే నడుపుకుంటూ పోయేది. వెనక చిన్న ఫ్రిజ్ డబ్బా. అందులో పిల్లల టీకాలు, షుగర్ సూదులు. తండాలో సగం రోజు బండి ఆపుకుని సూదులేస్తుంటే, ఆ ఫ్రిజ్ బండి బ్యాటరీనే తాగుతూ కూచునేది. తిరిగి బయల్దేరదామంటే సెల్ఫ్ తిరిగేది కాదు. అంతకుముందు నెల నొప్పులు పడుతున్న పిల్లను వెనక పడుకోబెట్టుకున్నాక బండి లేవలేదు. తండా మగవాళ్లంతా పెద్ద రోడ్డు దాకా నెట్టుకొచ్చారట. తల్లీబిడ్డా బతికారు.

"బతికిన్రు, దేవుని దయ," అంది సిస్టరమ్మ. "కని నేను మల్లోపారి గట్ల నెట్టుకుంట రాను. నీకు చేతనైతదా, కాదా? గది చెప్పు."

"వెనక ఇంకో బ్యాటరీ పెడ్త. నాలుగు రోజులియ్యి," అన్నాడు మామ.

ఆమె పోయాక ఒక్క బ్యాటరీతోనే తిప్పలు పడుతుంటే రెండోది ఎందుకని అడిగాను. "ఇద్దరన్నదమ్ములనుకో," అన్నాడు. "ఇద్దరి నడుమ తలుపు పెడ్త. దాన్ని రిలే అంటరు. ఇంజను తిరుగుతాంటే తలుపు తెరుసుకుంటది, ఇద్దరు తింటరు. ఇంజను బందైతే తలుపు మూసుకుంటది. ఎనకటోడు ఫ్రిజ్‌కు ఎంత పెట్టినా, ముందటోని కంచంల చెయ్యి పెట్టడు. పొద్దుగూకినంక సెల్ఫ్ కొడ్తే ముందటోడు నిండు కడుపుతోని లేస్తడు."

బయట ఫ్యాక్టరీ సైరను మోగింది. ఈయన నోట వింటే అన్నదమ్ములు కొట్టుకోరు, అనుకున్నాను.

జీపు వెనక నేలకు ఇనుప చట్రం బిగించాడు. గతుకులకు బ్యాటరీ ఎగరకుండా కాన్వాసు పట్టీ నేను కుట్టిచ్చాను. దుమ్ము పడకుండా తొడుగు కూడా కుడతానన్నాను, నాకై నేనే. మొత్తం కొలతలు తీసుకుని, రెగ్జిన్ కత్తిరించి, పెళ్లికూతురి జాకెట్టంత బిగువుగా కుట్టాను. తొడిగితే ఎక్కడా ముడత లేదు. మామను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

ఆయన అరచేతులతో చుట్టూ తడిమాడు. మెడ దగ్గర ఆగాడు.

"మస్తుగ కుట్టినవ్. మరి దీనికి ముక్కేది?"

"బ్యాటరీకి ముక్కేంది మామా!"

"కరెంటు తింటాంటే దీనికి గ్యాసొస్తది. గింత బిగిస్తె యాడికి పోవాలె? లోపల్నే నిండుతది. ఒక్క నిప్పురవ్వ తగిలితె సాలు. దీని పక్కనే మనుషులు కూసుంటరు," అని, నవ్వాడు. "జాకిట్టు కుట్టినవే పిల్లా. ఇది పెండ్లికి పోదు."

సిగ్గుతో చచ్చిపోయాను. బిగువుగా ఉంటేనే మంచి కుట్టు అని నేర్చుకున్న చేతులు నావి. తొడుగు విప్పి, పైన ఇటు ఆరు, అటు ఆరు కాజాలు కత్తిరించాను. దారంతో అంచులు కుడుతూ కూచున్నాను.

మర్నాడు పొద్దున ఆ కాజాలు పూర్తి చేస్తూనే జీపు వెనక తలుపు మీద కాళ్లూపుకుంటూ కూచున్నాను. లోపల మామ మోకాళ్ల మీద ఉన్నాడు. కాన్వాసు గుండా వచ్చిన వెలుతురు నీరెండలా, తేనెరంగుగా ఉంది. బ్యాటరీ పైన రెండు మొలలుంటాయి. ప్లస్ మొల కొంచెం లావు, మైనస్ మొల సన్నం. ఎర్ర తీగ లావుదానికి, నల్ల తీగ సన్నదానికి. తారుమారైతే బండి తీగలన్నీ ఒక్క దమ్మున కాలిపోతాయని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ముందు నుంచి లాగిన తీగా, బండి ఇనుముకు బిగించే తీగా ఆయన రెండు చేతుల్లో ఉన్నాయి.

"కుడిచెయ్యిల ఏ రంగున్నదే?"

ఎరుపు. అంత ఎరుపు నా డబ్బాలో కూడా లేదు. కానీ ముక్కేది అని నవ్వినదానికి బదులు తీర్చుకోవాలని నాకు పొద్దుటి నుంచీ ఒకటే దురద. ఇంత ఎర్రటిది చేతిలో పట్టుకుని రంగు అడిగే మనిషిని ఆటపట్టించకపోతే ఎట్లా?

"నలుపు మామా. కాకిరెక్క నలుపు."

తిడతాడని నవ్వాపుకుని చూస్తున్నాను. "మంచిది," అన్నాడు. బొటనవేలితో మొలలు తడిమాడు. సన్న మొల దొరికింది. ఎర్ర తీగ కొసను తీసుకొచ్చి దాని మీద పెట్టబోయాడు.

"మామా! ఆగు! అది ఎరుపు!"

సూది నా వేల్లో దిగింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇప్పుడే నలుపంటివి గద."

"నకరాలు జేసిన మామా. నీకు కనవడ్తది గదా అని…"

"కనవడ్తలేదు," అన్నాడు. టైమెంతైందంటే చెప్పినట్టు చెప్పాడు. తీగ పక్కన పెట్టి, ఇనుప చట్రానికి ఆనుకుని కూచున్నాడు. "రంగులు వోయి రెండేండ్లాయె. ఆకారం జరంత ఉన్నది. గిప్పుడు నువ్వు నా ముందట నల్లటి ముద్ద లెక్క ఉన్నవ్."

"నేను గంత నల్లగ లేను మామా," అన్నాను. ఏడుపొస్తూనే ఉంది, నోరు మాత్రం ఊరుకోదు కదా.

"దవాఖానల సూపెట్టిన. కండ్ల నరం ఎండిందన్నరు. తిరిగి రాదన్నరు. మీ అత్తకు తెల్సు. ఇంకెవలకు తెల్వది. తెలిస్తె బండి ఎవడిస్తడే నా చేతికి?"

"మరి రోజు నా కాడికొచ్చి రంగు అడిగితివి…"

"పని కోసమే అడిగిన, మొదలు," అన్నాడు.

ఎదురుగా ఫ్రిజ్ డబ్బా ఉంది. దాని పక్కన నేల మీద, పోయిన నెల ఆ పిల్ల పడుకున్న చోటు ఉంది. ఈయన సంగతి బయటపెడితే షెడ్డు మూతపడుతుంది. ఆ షెడ్డు తప్ప ఆయనకు ఇంకేమీ రాదు. దాచిపెడితే, రేపు నాలాంటిదే ఇంకొకతి నవ్వుతాలకు నలుపంటుంది.

తొడుగు పక్కన పడేసి, కాజాలు కుట్టే లావు దారం తీశాను. "తీగలు ఇటియ్యి మామా. ఎర్ర తీగకు ఒక్క ముడి. నల్లదానికి రెండు. వేలు పెడ్తె తెల్వాలె."

ఆయన ఇవ్వలేదు. "దారం కడితె అందరికి కనవడ్తది. గిదేందని అడుగుతరు. ఏమనాలె?"

"ఏమనాల్నో నువ్వే సూస్కో. నేను మాత్రం ఇయ్యాల్టి సంది నీకు రంగు చెప్ప. మా అమ్మ మీద ఒట్టు."

ఎక్కడో రైలు పోయిన చప్పుడు వచ్చి, సన్నబడి, ఆగిపోయింది. తర్వాత ఎర్ర తీగ ముందుకు చాపాడు. కట్టాను. నల్ల తీగ చాపాడు. ఒక ముడి వేసి, రెండోది వేస్తుంటే, "రెండుతోని ఆపు," అన్నాడు. "మూడో ముడి వడ్డదంటె బ్యాటరీతోని నాకు పెండ్లైతది. మీ అత్త ఊకోదు."

ఆ తర్వాత ఆయన వేళ్లు చూడాల్సింది. ముడి తడిమి, మొల తడిమి, బిగించి, వాసెలిన్ రాసి, ఫ్యూజు పెట్టి, ఒక్కసారి కూడా ఆగలేదు. నేను వెనక నుంచి నోరు మూసుకుని ప్రతి తీగా చూశాను. ఒక్కటీ తప్పలేదు.

ఒప్పుకున్న రోజున సిస్టరమ్మ పొద్దున్నే వచ్చింది. కాసేపు ఇంజను తిప్పి, ఆపేసి, ఫ్రిజ్ వేశాడు మామ. "మధ్యానం దాంక గిట్లనే ఉండనియ్యి. తండాల ఉన్నట్టే. అప్పుడు సెల్ఫ్ కొట్టు," అన్నాడు. ఫ్రిజ్‌లో సోడా సీసా పెట్టాం. ఎండ ఎక్కింది. ఆ డబ్బా నిద్రలో మనిషి మూలిగినట్టు సన్నగా మూలుగుతోంది. సిస్టరమ్మ ముందు సీట్లో జపమాల తిప్పుతూ కునుకు తీసింది. మామ వెనక పడుకున్నాడు, తల బ్యాటరీ పక్కన. చొక్కా చిల్లుల మీద కాన్వాసు సందుల్లోంచి ఎండ. నేను షాపుకు పోతూ వస్తూ ఉన్నాను, ఒక్క జాకెట్టు కూడా కుట్టలేదు. ఆ పూట ఎంతసేపు నడిచిందో నాకు ఇప్పటికీ తెలీదు.

సోడా చల్లబడింది. సిస్టరమ్మ తాళంచెవి మీద చెయ్యి వేసింది.

"సిస్టరూ, ఒక్క నిమిషం. సెల్ఫ్ కొట్టకముందే ఒక మాట," అన్నాడు మామ. లేచి నిలబడ్డాడు, చొక్కా సర్దుకున్నాడు. "నాకు కండ్లు సరిగ కనవడ్తలేవు. రంగులైతె అసలే లేవు. పని నా చేతులతోని జేసిన. ఈ పిల్ల సూసింది. నీకు నమ్మకం లేకుంటె ఇంకోనితోని సూపిచ్చుకో."

సిస్టరమ్మ ముఖం ఎర్రబడింది. "గీ ముచ్చట మొదలే చెప్పద్దా? నా బండ్ల కడుపుతోని ఉన్నోళ్లు కూసుంటరు, తెల్వదా నీకు?"

"తెల్సు. అందుకే చెప్తున్న."

ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని బానెట్ ఎత్తింది. టార్చి పట్టుకుని ముందు నుంచి వెనక దాకా ఒక్కో తీగ వెంట వేలుపెట్టి నడిచింది. మామ ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పరీక్షలో పిల్లవాడిలా. ఆమె వెనక్కొచ్చి, పట్టీ విప్పి, తొడుగెత్తి, ఆగింది.

"ఈ దారాలేంది?"

"ఒక ముడి ఎరుపు, రెండు ముడులు నలుపు, సిస్టర్," అన్నాను.

సిస్టరమ్మ టార్చి ఆర్పింది. కళ్లు మూసుకుని రెండు తీగలూ తడిమింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత పోయి ముందు కూచుని సెల్ఫ్ కొట్టింది. మొదటి దెబ్బకే బండి లేచింది.

"తండాల కరెంటే ఉండదు," అంది, ఇంజను చప్పుడు మీదుగా. "చీకట్ల నాకు సుత పనికొస్తయ్. ముందటి బ్యాటరీకి సుత కట్టు."

ఆ తర్వాత మామ ఏ బండి వచ్చినా ముందే చెప్పేసేవాడు. సగం మంది వెనక్కి తిప్పుకుపోయారు. సగం మంది ఉన్నారు. ఉన్నవాళ్ల బండ్లన్నిటికీ నేను ముడులు కట్టాను, గర్వంగా. ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి రంగు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆయనా మళ్లీ అడగలేదు. మధ్యాహ్నాలు నా షాపులో స్టూలు మీద కూచుని, గుండీలు వేళ్లతో ఏరి, పెద్దవి పెద్దవి, చిన్నవి చిన్నవి కుప్పలు పోసిపెట్టేవాడు. నేను సంబరంగా ఊళ్లో ముచ్చట్లన్నీ చెప్పేదాన్ని. వినేవాడు. అప్పుడప్పుడు మాట మధ్యలో ముఖం నావైపు తిప్పి, ఏదో అడగబోయినట్టు ఆగేవాడు. నాకు తట్టలేదు. నేను కట్టిన ముడి ఆయనకు తీగనిచ్చింది. అంతే ఇచ్చింది.

పోయినప్పుడు అత్తమ్మ ఆయనకు చర్చి చొక్కా తొడిగింది. ఒక్క చిల్లు లేదు. ఎవరో పరాయి మనిషిలా ఉన్నాడు. వంగి గుండె మీద చెవి పెట్టి వినాలనిపించింది. నలుగురూ ఉన్నారని పెట్టలేదు.

తలుపు దగ్గర అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని అంది, "దానిమ్మ గింజని ఏమో చెప్పినవట ఒకనాడు. రాత్రి అన్నం తినుకుంట నాకు చెప్పేటోడు. ఎన్నేండ్ల దాంక చెప్పిండో."

పోయిన వారం సిస్టరమ్మ కొలత మార్చకు అంది కానీ, రెగ్జిన్ సాగిపోయింది, కొలత మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. టేపు మెడలో వేసుకుని జీపు వెనక ఎక్కాను. అదే కాన్వాసు, అదే తేనె వెలుతురు. బ్యాటరీ రెండుసార్లు మారిందట. తీగలు అవే. పొడవు, వెడల్పు చూసుకుని, ఎత్తు కోసం వెనక సందులో చెయ్యి పెట్టాను. గ్రీజు పట్టి గట్టిపడిన దారం వేలికి తగిలింది. ఒక ముడి.

కళ్లు మూసుకున్నాను.

"ఎరుపు మామా," అన్నాను. "దానిమ్మ గింజ. పండినదాని నడిమి గింజ." వేలు పక్కకు జరిపాను. రెండు ముడులు. "ఇది నలుపు. కాకిరెక్క కాదు, అది నకరాలకన్న. ఇది నానవెట్టిన మినుములు, పొట్టు తియ్యకముందు. ఒక్కపారి నీళ్లల్ల ఎండ వడ్తది సూడు, అప్పటిది."

"ఎవలతోని మాట్లాడుతున్నవే?" అంది సిస్టరమ్మ బయటి నుంచి.

"కొలతలు చెప్పుకుంటున్న సిస్టర్," అన్నాను. "ఇంక ఉన్నయ్."